తుస్సుబాంబు కళ్లజోడు

పాత సామాన్ల వ్యాపారంలో లాభం కొనేటప్పుడే రావాలి, అమ్మేటప్పుడు కాదు. ఈ సంగతి మా అక్క భర్త, అంటే మా బావ, నేను దుకాణంలో చేరిన కొత్తలోనే నూరిపోశాడు. వాడేసిన బీరువాలు, మంచాలు, ఆఫీసు బల్లలు కొని, బాగుచేసి అమ్మడం మా పని. చెక్క చూడటం బావ వంతు, మాట్లాడటం నా వంతు. చిక్కల్లా ఒకటే. బల్ల కాళ్లను చెదలు తినేశాయని బావకు తెలిసినా ఆ మాట అమ్మేవాడి ఎదుట అనకూడదు. అంటే అతనికి రోషం వస్తుంది, మిగిలిన మంచి సామాను కూడా మనకు ఇవ్వడు. అందుకని మాకొక సైగ కావలసి వచ్చింది. ఆ సైగ టీవీలో దొరికింది.

అదొక గూఢచారి సీరియల్. సాయంత్రాలు వచ్చేది. అందులో హీరో పిస్తోలు కోసం జేబులో చెయ్యి పెడితే దువ్వెన వచ్చేది. గోడ దూకితే అవతల బురదగుంట ఉండేది. దొంగల మీదికి నిచ్చెన తిప్పితే అది ముందు తన పై అధికారి నెత్తికి తగిలేది. బావ అతనికి తుస్సుబాంబు అని పేరు పెట్టాడు. ప్రమాదం వాసన తగలగానే తుస్సుబాంబు కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడిచేవాడు. అసిస్టెంటు అమ్మాయికి అది హెచ్చరిక. ఆ అమ్మాయేమో, "మురికిగా ఉందా సార్, ఇటివ్వండి, నేను తుడుస్తా" అని లాక్కునేది. ఈలోగా పైకప్పు కూలేది.

బావకూ నాకూ ఇద్దరికీ కళ్లజోళ్లున్నాయి. పైసా ఖర్చు లేని ఉపాయం. సరుకులో లోపం ఉంటే బావ కళ్లజోడు తీసి తుడిచేవాడు, నేను మాట మార్చేసేవాణ్ని. ఏళ్ల తరబడి చేసీ చేసీ అది మాకు తుమ్ము వచ్చినంత సహజమైపోయింది. చెడ్డ సరుకు గురించి మంచి మాట చెప్పాల్సివస్తే చాలు, నా చెయ్యి కూడా దానంతటదే కళ్లజోడు మీదికి పోయేది.

ఏ వస్తువుకు గిరాకీ ఎందుకుందో ఆరా తీయకుండా వ్యాపారి ఉండలేడు. అంత తెలివైన బావ, ఆ తింగరి సీరియల్ కోసం షట్టరు తొందరగా దించేసి ఇంటికి పరిగెత్తడం ఏమిటి?

"ఏముంది బావా అందులో?" అని ఒకసారి అడిగాను.

"చావు లేదు, బామ్మర్దీ," అన్నాడు. "బాంబులు పేలతాయి, కార్లు పల్టీలు కొడతాయి, ఒక్కడూ చావడు. లోయలో పడ్డవాడు వచ్చే వారం మీసం పెట్టుకుని ఇంకో వేషంలో దిగుతాడు. ఇంత చవగ్గా ఇంత ధైర్యం ఇంకెక్కడ దొరుకుతుంది?"

అక్క కూడా పక్కనే కూర్చుని చూసేది. ఆవిడ నవ్వు మొదలైతే ఓ పట్టాన ఆగేది కాదు. బావ తెర వైపు కాకుండా ఆవిడ వైపు చూస్తూ నవ్వడం నేను గమనించాను.

తర్వాత బావకు కడుపునొప్పి పట్టుకుంది. బెల్టుకు కొత్త చిల్లులు పొడవాల్సివచ్చింది. ఆసుపత్రిలో పరీక్షలయ్యాక డాక్టరు అక్కనూ నన్నూ వరండాలోకి పిలిచి, రోగం కడుపంతా పాకిందనీ, కోసి లాభం లేదనీ చెప్పాడు.

అక్క గోడకు ఆనుకుంది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనకు తెలియకూడదురా. మా మామగారికి ఇలాగే చెప్పేశారు. ఆ రోజే గోడవైపు తిరిగి పడుకుని, మళ్లీ ఇటు తిరగలేదు. ఈయనా అంతే. నువ్వెళ్లి అల్సరని చెప్పు. అబద్ధం నీకైతే వచ్చు."

నిజమే, నాకు వచ్చు. లోపలికి వెళ్లాను. బావ దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "ఏం లేదు బావా, అల్సరు. మందులతో పోతుందట. నిన్ను చూసి డాక్టరే మెచ్చుకున్నాడు," అన్నాను. గొంతు ఎక్కడా తడబడలేదు. చెప్పడం పూర్తయ్యేసరికి నా కళ్లజోడు నా చేతిలో ఉంది. చొక్కా కొసతో తుడుస్తున్నాను.

బావ నా చేతుల వైపే చూశాడు. నేను కళ్లజోడు పెట్టుకున్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

అక్క మందులు తేవడానికి కిందికి వెళ్లేదాకా ఆగి అడిగాడు.

"పైకప్పు ఎప్పుడు కూలుతుందన్నాడు?"

నా చెయ్యి మళ్లీ కళ్లజోడు మీదికి పోయింది.

"సరే. మీ అక్కకు మాత్రం నాకు తెలుసని చెప్పకు. తెలిస్తే నా ఎదుటే ఏడుస్తుంది, ఇక ఆపలేం. నా దగ్గర దాచాననుకుంటే లోపలికెళ్లి ఏడ్చుకుని, మొహం కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంటుంది. నవ్వుతుంది. నాకా నవ్వు కావాలి, బామ్మర్దీ. ఇంకేం అడగను."

అలా నేను ఇద్దరి మధ్యా దళారీనయ్యాను. ఇటు సరుకు అటు చూపించకూడదు, అటు మాట ఇటు చెప్పకూడదు. "ఆయనకేమైనా అనుమానమొచ్చిందా?" అని వంటింట్లో అక్క అడిగేది. "ఇవాళ బాగా ఏడ్చిందా?" అని గదిలో బావ అడిగేవాడు. ఇద్దరికీ కావలసిన జవాబే ఇచ్చేవాణ్ని.

టీవీ పడకగదిలోకి మార్చాం. దుకాణంలోంచి మంచి మంచం ఒకటి తెస్తే బావ దాన్ని ఊపి చూసి, "కీలు వదులు. నాకే అంటగడతావా?" అన్నాడు. ఆ సాయంత్రం సీరియల్లో విలన్ పొడుగు మీసంతో దిగాడు.

"అయ్యో, వీడు మొన్న లోయలో పడ్డవాడే కదండీ!" అంది అక్క.

"మీసం పెట్టుకున్నాడుగా. మనం గుర్తుపట్టకూడదు."

"మీసం పెట్టుకుంటే తిరిగి వచ్చేస్తారేమిటి?" అని నవ్వబోయి ఆగిపోయింది.

గదిలో ముగ్గురం తెరనే చూస్తున్నాం. టీవీలో ఎవరో పగలబడి నవ్వుతున్నారు. బావే ముందు తేరుకున్నాడు.

"ఆ మీసం ఎక్కడ దొరుకుతుందో కనుక్కో బామ్మర్దీ. మన కొట్లో పెడితే బీరువాల కన్నా బాగా పోతుంది."

అక్క గట్టిగా నవ్వింది. నవ్వుతూనే మంచినీళ్లు తెస్తానని లేచి వెళ్లింది. వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. గ్లాసు ఎప్పుడో నిండి ఉండాలి, కుళాయి ఆగలేదు. బావ రిమోటు తీసుకుని సౌండు పెంచాడు. ఆమె ఏడుపు వినలేక కాదు, ఎవరికీ వినబడటం లేదని ఆమెకు ధీమాగా ఉండాలని.

"ఒక్కసారి ఇద్దరూ మాట్లాడుకోండి బావా," అన్నాను, ఉండబట్టలేక.

"కుదిరిన బేరం చెడగొట్టకు." రిమోటు దిండు పక్కన పెట్టి మళ్లీ అన్నాడు. "నేను పోయాక చెప్పు. అంతా తెలిసే ఉన్నానని చెప్పు. రోజూ ఆ కాసేపు నా పక్కన నవ్వుతూ కూర్చుంది చూశావా, అది ఎంత కష్టమో నాకు తెలుసని చెప్పు. దాని వల్లే నేను గోడవైపు తిరగలేదని చెప్పు."

చెబుతానన్నాను.

ఆ సీరియల్ కథ ఇంకా ముగియకముందే, ఒక ఉదయం బావ పోయాడు. అక్క పాలు కాస్తోంది. పక్కన ఎవరూ లేరు.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక అక్క ఆయన చొక్కాలు మడతపెడుతూ కూర్చుంది. ఆ మాట చెప్పడానికే వెళ్లాను. నేను కూర్చోకముందే ఆమె అడిగింది.

"ఆయనకు తెలియలేదు కదరా? తెలియకుండా కాపాడుకున్నాను కదూ?"

గిరాకీదారు మొహం చూడగానే ఏం వినాలనుకుంటున్నాడో పోల్చుకోవడం నా వృత్తి. అక్క మొహం చూశాక ఇంకేమీ లెక్క వేయకుండానే నోరు పలికేసింది.

"కాపాడుకున్నావక్కా. చివరిదాకా అల్సరనే అనుకున్నాడు."

అక్క చొక్కాను గుండెకు అదుముకుంది. ఊపిరి వదిలింది.

"నాకూ అదే అనిపించింది. తెలిసుంటే నాకో మాట చెప్పకుండా పోయే మనిషి కాదు ఆయన. ఇన్నేళ్ల కాపురం చేసి, ఒక్క మాటైనా అనకుండా ఎలా పోతారు? తెలియలేదు కాబట్టే చెప్పలేదు. అంతే కదూ?"

ఆయన చెప్పమన్న మాట నా నాలుక మీదే ఉంది. ఇప్పుడది చెబితే, తెలిసి కూడా తనతో చెప్పలేదని ముందు తెలుస్తుంది. ఆ తర్వాత నేను ఎంత మంచిమాట చెప్పినా ఆమె చెవికెక్కదు. ఎటు నుంచి లెక్క వేసినా నష్టం ఆమెకే.

"అంతేనక్కా," అన్నాను.

అక్క ఆకలిగా ఉందంటూ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆయన పోయాక ఆమె ఆ మాట అనడం అదే మొదలు. ఇద్దరికీ వడ్డించుకొచ్చింది. తను తింటూ, నా కంచం వైపు చూసి, "తినరా, ఏమిటలా కూర్చున్నావ్?" అంది.

తిన్నాను.