మంచి రోజుకు కుంకుమ బొట్టు

నేను ఒక పాత పంచె ముక్కని తల్లీ. ముక్కేగా అని తేలిగ్గా చూడమాక. చీరాల మగ్గం మీద పుట్టిన నాడు నాకు జరీ అంచు ఉండేది. నన్ను నేసినాయన పాడుతూ నేసేవాడు, శ్రుతి తప్పినప్పుడల్లా పోగు కూడా తప్పేది. ఆ తప్పిన పోగు ఇప్పటికీ నా వీపున ఉంది.

మొదట కోటిలింగం గారి పెళ్లికి పంచెనయ్యాను. తర్వాత ఆయన పిల్లలకి ఉయ్యాలనయ్యాను. ఆ ముచ్చట్లు మొదలుపెడితే తెల్లారిపోతుంది, వదిలేయ్. ఆ పైన ఆవకాయ జాడీకి వాసెన కట్టారు. మనుషులంతే, ముందు నడుముకి చుట్టుకుంటారు, తర్వాత జాడీ మూతికి చుడతారు. నాకేం బాధ లేదు, ఆ ఘుమఘుమల్లో హాయిగానే బతికాను.

ఇంతలో కోటిలింగం గారికి షుగరొచ్చింది, ఇన్సులిన్ సూదులు మొదలయ్యాయి. ఆయన భార్య పేరిందేవమ్మ రోజూ పడుకోబోయే ముందు ఆయన వేలు పొడిచి మిషన్లో చూసేది. ఆస్పత్రికెళ్లి ఆ అంకెలన్నీ ఒక్క గుక్కలో అప్పజెప్పేది. డాక్టరు హిమబిందు గారు మంచిదే, కానీ బయట అంత జనం ఉంటే పాపం ఎంతని వింటుంది? ఒక్క చూపులో తెలిసేలా ఏదైనా చేసుకురమ్మంది, ఏ అంకె దాటితే ఎక్కువో చెప్పి పంపింది.

పేరిందేవమ్మకి చదువు అంతంత మాత్రం, చేతిలో ముగ్గు మాత్రం ఉంది. నన్ను ఉతికి ఆరేసి చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. వారానికో వరస, ఆదివారంతో మొదలు, శనివారంతో సరి. షుగరు అదుపులో ఉంటే కుంకుమ బొట్టు. ఎక్కువైతే కాటుక చుక్క, పసిబిడ్డకి దిష్టి చుక్క పెట్టినట్టు. ఈ వయసులో నాకు సింగారమేంటని లోలోపల మురిసిపోయాను.

నెల తిరిగాక నన్ను డాక్టరమ్మ బల్ల మీద పరిచారు. చూడగానే ఆమె మొహం మాడింది.

"ఇంత ఎరుపేంటండీ. వారమంతా ఎక్కువే, గురువారం ఒక్కటే బాగుంది." మందు పెంచడానికి పెన్ను తీస్తూ, "బాబాయి గారూ, గురువారం ఏం తింటున్నారో రోజూ అదే తినండి" అంది.

"అట్టాగేనమ్మా" అన్నాడాయన. అంత వినయం ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

పేరిందేవమ్మ కుర్చీలోంచి లేచింది. మొన్నొక మధ్యాహ్నం అన్నం ఆలస్యమైతే ఆయనకి చెమటలు పట్టి, మాట తడబడి, కూర్చున్న చోటే ఒరిగిపోయాడు. నోట్లో పంచదార వేస్తే గానీ తేరుకోలేదు. ఆ సంగతి నా మీద లేదు, రాత్రి సంగతులే నేను మోసింది. ఉన్న మందుకే అట్టా అయితే, పెంచితే మనిషి దక్కుతాడా? ఆ మాటంతా గబగబా చెప్పేసింది.

"పెంచమాకమ్మా. బొట్టు పెట్టిందల్లా మంచి రోజే, మసి పెట్టిందే చెడ్డ రోజు. మంచి రోజున మొగుడి పేరన మసి పెడతానా?"

పెన్ను ఆగింది. డాక్టరమ్మ నన్ను మళ్లీ మొదట్నుంచీ చూసింది. మాకు ఎరుపంటే ప్రమాదం పిన్నిగారూ అని తల పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే గురువారాల మీద వేలు పెట్టింది. పై నుంచి కిందికి కాటుక చుక్కలు చీమల బారులా దిగుతున్నాయి. ఆడవాళ్లిద్దరూ కోటిలింగం గారి వైపు తిరిగారు. ఆయన ఫ్యాను వంక చూస్తున్నాడు.

"గురువారం ఏందయ్యా?" అంది పేరిందేవమ్మ.

సాయిబాబా గుళ్లో భజనయ్యాక చక్కెర పొంగలి పంచేది ఆయనేనట. గిన్నె అడుగున మిగిలింది పారేస్తే పాపమట.

"ప్రసాదం కదా, అది షుగరు కిందకి రాదనుకున్నా."

"బాబా దగ్గర రాదేమో, నా దగ్గర వస్తుంది" అంది డాక్టరమ్మ. మందు పెంచలేదు సరికదా, చెమటలు పట్టిన సంగతి విని కాస్త తగ్గించింది. పై గురువారం నుంచి పేరిందేవమ్మ ఆయనకి గరిట మాన్పించి తాళాలు ఇప్పించింది. ఆయన వాయింపుకి భజన కుదరట్లేదని గుళ్లో గోల, అయినా ఆమె వింటేనా.

నా మీద చోటు నిండాక డాక్టరమ్మ నన్ను పేరిందేవమ్మ దగ్గర అడిగి తీసుకుని తన గది గోడకి తగిలించింది. వచ్చినవాళ్లు ఏ మొక్కు గుడ్డో అనుకుని దణ్ణం పెడుతుంటారు. ఒకావిడ బంతిపువ్వు కూడా గుచ్చింది. నేనూ చల్లగా ఉండమని దీవిస్తుంటాను, పోయేదేముంది?

కొత్తగా ఎవరొచ్చినా డాక్టరమ్మ ముందు నన్ను చూపించి, ఇట్టాంటిది ఇంట్లో చేసుకురమ్మంటుంది. మస్తాన్ సాహెబు గారు ఆకుపచ్చ అన్నాడు, పూలకొట్టు ఆవిడ పసుపు అంది. ఎవరు ఏం తెచ్చి బల్ల మీద పరిచినా, డాక్టరమ్మ అడిగే మొదటి మాట ఒకటే.

"మీ ఇంట్లో మంచి రోజుకి ఏ రంగు?"

వాళ్లు చెప్పాకే పెన్ను మూత తీస్తుంది.