రాని డీసీఎం

సగం ఆట అయిపోయినా నల్గొండ మైదానంలో గ్యాలరీ ఖాళీగానే ఉంది. జనం నిండితే అమ్మాయిల జట్టుకు కోచ్‌ను పెడతానన్న మిల్లు యజమాని అప్పటికే రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. పోటీలు నడిపే పరమేష్ చెమట తుడుచుకున్నాడు. ఏటా చిట్యాల నుంచి పత్తి ఏరే కూలీలు అతను పంపే డీసీఎం వ్యాన్‌లో కిరాయి లేకుండా వచ్చేవాళ్లు. టికెట్ పది రూపాయలే. ఈసారి వంద.

విరామంలో కెప్టెన్ గ్లోరీ తల్లి నాగులమ్మ రొప్పుతూ వచ్చింది.

"రెండు గంటలు రోడ్డు మీదనే నిలబడ్డం సారూ. డీసీఎం రాలే. అందరు మళ్లిపోయిండ్రు. నేనొక్కదాన్నే ఆటో ఎక్కిన. గేటుకాడ పోరడు వంద అడిగితే, చెవుల కమ్మలు తీసియ్యాల్నా బిడ్డా అన్న. ఊకెనే ఇడిసిండు."

"డ్రైవర్ మోసం చేసిండా అన్నా? వాణ్ణి జర నాకు చూపియ్యి," అంది గ్లోరీ పరమేష్‌తో.

వెళ్లిపోవడానికి యజమాని లేచాడు. డ్రైవర్‌దే తప్పని పరమేష్ అంటే సరిపోయేది. కానీ నాగులమ్మ కొంగుకు పత్తి పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. అతను తలెత్తలేకపోయాడు.

"డ్రైవర్ కాదమ్మా. నిరుడు పెద్దమనుషుల సోఫాల పక్కన మీరు గా బట్టలతోని కూసుంటే నాకు నామోషీ అనిపించింది. డీసీఎం ఆపింది, రేటు పెంచింది నేనే."