రెండో చీర

ఇస్సాకు కాగితాలు సర్దుకున్నాడు. పైన దళసరిది, కింద పల్చటివి రెండు, మధ్యలో కార్బన్లు. అన్నిటినీ కలిపి టేబులు మీద తట్టి, అంచులు కలిశాయని చూసుకుని, టైపుమిషనులోకి ఎక్కించాడు. తర్వాత చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నాడు. కాగితం ఎక్కించకుండా కళ్ళజోడు తుడుచుకున్న రోజు అతని సర్వీసులో లేదు.

రాజోలు బస్టాండు వెనక, ఆ సంక్షేమ సంఘం ఆఫీసులో, పెళ్ళికి ముందు నుంచీ అతను టైపిస్టే. సన్నటి మనిషి. మెడ దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, రిబ్బను మసి అంటిన వేళ్ళు. ఎవరి కష్టమైనా సరే, ఆ వేళ్ళ కింద నలిగి ఇంగ్లీషులోకి మారితేగానీ డబ్బు పంపే విదేశాల వాళ్ళకు కష్టంలా కనిపించేది కాదు.

ఈసారి వాళ్ళు కొత్త పేరేదో రాశారు. ముందుగా కాన్సెప్టు నోటు పంపాలట. అదేమిటని అడిగితే డైరెక్టరుగారు నవ్వారు.

"దరఖాస్తుకి అక్కలాంటిదయ్యా. రెండు పేజీలు దాటకూడదు. ఎవరు, ఏం కావాలి, ఎందుకు కావాలి, అంతే. ఓ ఫొటో జతచెయ్యాలి. చదివినవాడి గుండె కరిగితే, అప్పుడు అసలు దరఖాస్తు పంపమంటారు."

కావలసింది మంచినీళ్ళ ట్యాంకు, కాలవగట్టు పేటకి. అక్కడ ఏ నుయ్యి తవ్వినా ఉప్పు నీళ్ళే. ఆడవాళ్ళు లాకుల దాకా నడిచి కాలవ నీళ్ళు మోసుకోవాలి. ఎండాకాలం కాలవ కట్టేశారంటే చెలమలు తవ్వి, గ్లాసుతో తోడుకోవాలి. ఇదంతా ఇస్సాకు ఎవరినీ అడక్కుండా టైపు చేయగలడు. అతను పుట్టిన పేట అదే. తల్లి పోయాక అతన్ని పెంచిన మేనత్త కృపమ్మ ఇంకా ఆ నీళ్ళే మోస్తోంది.

మిషను టకటకలాడుతోంది. నీళ్ళ సంగతి అయింది, రోగాల సంగతి అయింది. డైరెక్టరుగారి చేతిరాతలో తర్వాతి వాక్యం దగ్గర అతని వేళ్ళు ఆగిపోయాయి. 'ఈ స్త్రీలకు మార్చి కట్టుకోవడానికి రెండో చీర లేదు.'

ఫొటో పక్కనే ఉంది. దాన్ని బోర్లించే పెట్టుకున్నాడు.

మొన్న ఫొటోకని డైరెక్టరుగారితో పేటకి వెళ్ళాడు. వస్తున్నట్టు ముందే కబురు పంపడమే తప్పయింది. ఫొటో తీస్తారంటే ఆ పేటలో ఎవరైనా ఏం చేస్తారు? ఆడవాళ్ళంతా తలంట్లు పోసుకుని, ఆదివారం గుడికి కట్టుకునే తెల్లచీరల్లో వరసగా నిలబడ్డారు. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందెలు ఎండకి ధగధగలాడుతున్నాయి. అందరికంటే ముందు కృపమ్మ. కొంగు భుజం నిండా కప్పుకుని, బిందె చంకన పెట్టుకుని, "ఒరే ఇస్సాకూ, మొహం సరిగ్గా పడేలా తీయించు. ఇదే మొదలు నాకు ఫొటో" అంది.

డైరెక్టరుగారు కెమెరాలోంచి చూసి, దించేసి, ఇంగ్లీషులో అన్నారు. పెళ్ళివారిలా ఉన్నారు, వీళ్ళకి నీళ్ళెవరిస్తారు, నీవాళ్ళే గదా, నువ్వే చెప్పు అని.

ఇస్సాకు చెప్పాడు. చిన్నప్పుడు తనకి ఉన్న ఒక్క చొక్కానీ రోజూ సాయంత్రం ఉతికి ఆరేసి, పేట పిల్లాడు మాసిన బట్టతో బడికొచ్చాడని ఎవడూ అనకూడదనుకున్న మనిషితో చెప్పాడు.

"అత్తా, ఆ చీర వద్దు. చిరిగిందేదైనా కట్టుకురా. బిందె లోపల పెట్టి, సొట్టపడిన సత్తుది తెచ్చుకో. జుట్టు కూడా కాస్త..."

కృపమ్మ అతని మొహంలోకి చూసింది. తర్వాత అతని చొక్కా వైపు చూసింది.

"అలా కట్టుకుంటే నీళ్ళొస్తాయాండీ?"

పుట్టి బుద్ధెరిగాక అత్త తనని 'అండీ' అనడం అతనెప్పుడూ వినలేదు.

"వస్తాయత్తా. నీళ్ళొచ్చేక ఇంకో ఫొటో తీయిస్తాను, తెల్లచీరలోనే."

"ఆయ్. అలాగేనండి" అని లోపలికెళ్ళింది. ఆమె వెనకే మిగతా వాళ్ళూ వెళ్ళారు. ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చిందని డైరెక్టరుగారు మెచ్చుకున్నారు. రెండు కాపీలు వేయించారు, ఒకటి నోటుకి, ఒకటి ఆఫీసుకి.

ఇస్సాకు ఆ వాక్యం టైపు చేశాడు. చెరిపే రబ్బరు చేతిలోకి తీసుకున్నాడు. చెరిపితే డైరెక్టరుగారు మళ్ళీ కొట్టిస్తారు. కొట్టకపోతే ట్యాంకు రాదు. రబ్బరు కింద పెట్టి, తర్వాతి వాక్యానికి వెళ్ళాడు. ఒళ్ళంతా సిగ్గుగా ఉంది.

భోజనాల వేళ నతానియేలు వచ్చాడు. కృపమ్మ కొడుకు, తాపీ పనికి ఊళ్ళు తిరిగే మనిషి. ఫొటో తీసిన రోజు పేటలో లేడు. సైకిలు గోడకి ఆనించి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"బావగారూ, అమ్మ వెళ్ళిపోయిందండి."

ఇస్సాకు లేచాడు.

"పొద్దున్నే నీళ్ళకి బయల్దేరిందండి. ఓసారి కూచుంటానని అరుగు మీద కూచుందంట. అంతేనండి." నతానియేలు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సాయంత్రమే తీసుకెళ్ళిపోదామంటున్నారు పాస్టరుగారు. మొన్న మీరు ఫొటో తీయించేరు గదండీ. తెల్లచీరలో, ఇత్తడి బిందెతో. ఎంత బాగా తీయించేడో మీ బావ అని నాతో ఒకటే చెప్పడం. అదిస్తే పటం కట్టించి పెట్టె మీద పెడదామని."

ఇస్సాకు చెయ్యి సొరుగు మీదకి వెళ్ళింది. ఆఫీసు కాపీ అందులోనే ఉంది. చినిగిన చీర, రేగిన జుట్టు, సొట్టపడిన సత్తు బిందె. ఆ మొహం కెమెరాని చూడటం లేదు, పక్కన నిలబడ్డ అతన్ని చూస్తోంది.

"ఆ ఫిల్ము పాడైపోయిందయ్యా" అన్నాడు. "వెలుగు తగిలింది."

నతానియేలు తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"పోన్లెండి. తీయించేరన్న సంతోషం దక్కింది ఆవిడికి. వచ్చెయ్యండి బావగారూ" అని సైకిలెక్కాడు.

ఇస్సాకు కుర్చీలో కూలబడ్డాడు. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ఏడవడానికి తనకేం హక్కుందనిపించింది. డైరెక్టరుగారు లోపలి నుంచి పిలిచి, టపా వేళైపోతోంది, అయిందా అని అడిగారు. అయిందండి అన్నాడు. చివరి వాక్యాలు కొట్టి, సంతకం పెట్టించి, ఫొటోని గుండుసూదితో నోటుకి గుచ్చాడు. సూది మొహానికి తగలకుండా పైన తెల్ల అంచు మీద గుచ్చాడు. ఆమెకి అతను చేయగలిగిన మర్యాద అంతే మిగిలింది. కవరు పోస్టాఫీసులో ఇచ్చి, అటునుంచి అటే పేటకి వెళ్ళాడు.

పెట్టెలో కృపమ్మ తెల్లచీరలో ఉంది. తల నున్నగా దువ్వారు. కొంగు భుజం నిండా కప్పారు. పాట పాడుతున్న ఆడవాళ్ళు అతన్ని చూసి, పాట ఆపకుండానే దారిచ్చారు. వాళ్ళందరికీ ఆ రోజు సంగతి తెలుసు. ఎవరి మొహమూ చూడలేక అతను అరుగు వైపు జరిగాడు.

పక్కింటి రూతు అక్కడికే వచ్చింది.

"నతానియేలుకి చెప్పొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకుందండి" అంది మెల్లగా. "మా ఇస్సాకు తలొంచుకునే పని మీరెవరూ చెయ్యకూడదంది."

అతను తల ఊపాడు.

"ఆ ఇత్తడి బిందె కూడా మరి వాడలేదండి. నీళ్ళు పడితే నల్లబడిపోద్దని గుడ్డ చుట్టి దాచుకుంది. మీరు మళ్ళీ ఫొటో తీయిస్తానన్నారంట గదండీ."

పెట్టె లేచింది. పాట గట్టు మీదుగా సమాధుల దొడ్డి వైపు సాగింది. ఇస్సాకు అందరికంటే వెనక నడిచాడు, గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగి లోపలికి చూశాడు.

మూల పీట మీద, పాత చీర పేలిక చుట్టిన ఇత్తడి బిందె ఉంది. పేలిక జారినచోట, తోమిన మెరుపు అలాగే ఉంది.