ఆది రైక

దస్తగిరి మూడోసారి బ్యాటరీ తీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్లీ కెమెరాలో బిగించాడు. దాని మీద దుమ్మేమీ లేదు. లేదని ఆయనకూ తెలుసు. ఇరవై రెండేళ్లు కుట్టు మిషను మీద ఆడిన చేతులు ఊరికే ఉండమంటే ఉంటాయా?

"ఎన్నిసార్లు జూస్తవ్? చాయ్ సల్లారుతాంది," అంది భార్య బషీరున్నీసా.

"రాత్రి కరెంటు పోయింది గద. ఇది నిండిందో లేదో."

"ఎర్రబత్తి ఆరితే నిండినట్టే అని నువ్వే జెప్తివి."

ఆరిన మాట నిజమే. నిండి ఆరిందో, కరెంటు పోయి ఆరిందో ఎవరు చెప్పాలి? రెండో బ్యాటరీని సంచిలో పెట్టబోయి, పెళ్లి సందట్లో సంచి ఎవరైనా ఎత్తుకుపోతే గతేమిటని చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు పొట్లకాయలా వేలాడింది.

సన్నటి మనిషి. మిషను ముందు కూర్చుని కూర్చుని భుజాలు ముందుకు వంగిపోయాయి. చెవి వెనక సుద్దముక్క ఇప్పుడు లేకపోయినా, రోజుకు పదిసార్లు చెయ్యి అక్కడికే పోతుంది. రెండేళ్లుగా సూది బెజ్జం కనబడటం మానేసింది. దారం బషీరున్నీసా ఎక్కించాల్సి వచ్చేది. పనిలో ఉన్నప్పుడు పిలిస్తే ఆమె విసుక్కునేది, ఆయనకు సిగ్గేసేది. వీడియో అయితే దారం ఎక్కించే పని లేదు కదా అనుకున్నాడు పిచ్చి మారాజు. మిషను అమ్మేసి, పాతదే అయినా కెమెరా కొన్నాడు. మహబూబ్‌నగర్‌లో ఒక స్టూడియోలో పదిహేను రోజులు పని నేర్చుకున్నాడు. ఈరోజు భీమయ్య బిడ్డ మంజులత పెళ్లి. ఎవరి తోడూ లేకుండా ఆయన తీయబోయే మొదటి పెళ్లి.

ఇది బాగా వస్తే మరో రెండు ఇళ్లవాళ్లు పిలుస్తామన్నారు. రాకపోతే అంతే సంగతులు. తమ ఊరు కోస్గిలో ఎవరి రైక చంకలో బిగిసినా పొద్దుగూకేలోపు సంతంతా తెలిసిపోతుంది.

పెళ్లి పందిరి పక్కన గోడకు ఆనించిన నులక మంచం మీద బాలనర్సమ్మ కూర్చుని ఉంది. భీమయ్య తల్లి. ఎనభై దాటిన మనిషి, నోరు మాత్రం పదునే. ఒంటి మీద ఆకుపచ్చ రైక దస్తగిరి కుట్టిందే. ఇన్నేళ్లలో ఆయన ఆడవాళ్ల ఒంటి మీద టేపు పెట్టి ఎరగడు. అతికినట్టు సరిపోయిన పాత రైక ఒకటి ఆదిగా తెచ్చిచ్చేవారు, దాన్ని బల్ల మీద పరిచి కొలుచుకునేవాడు. బాలనర్సమ్మ మొహం కంటే ఆమె ఆది రైకే ఆయనకు ఎక్కువ గుర్తు.

"ఏం దస్తగిరీ, కత్తెర ఇడిసి గా డబ్బ బుజానికెత్తుకున్నవా?"

"కండ్లు కనిపిస్తలేవవ్వా."

"ఓయమ్మో! కండ్లు కానరానోడు పెండ్లి తీస్తడంట, ఇన్నరా!"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. దస్తగిరీ నవ్వాడు. ఆ మాట భీమయ్య చెవిన పడిందా అని చుట్టూ చూశాడు.

"నాకొక్క రైక గుట్టియ్యి బిడ్డా. కొత్తోడు గుట్టింది సంకల పట్టేస్తాంది."

"మిషన్ అమ్మిన గదవ్వా."

"చేతులు గూడ అమ్మినవా?" అని, మళ్లీ తనే, "పోనీ నన్నన్న తియ్యి గా డబ్బల," అంది.

"తర్వాత తీస్తనవ్వా. ముందు పుస్తె కట్టనీ. బ్యాటరీ సరిపోవాలె."

"గట్లనే. నేనేడికి వోత?"

ముహూర్తం దగ్గరపడింది. కళ్లద్దాలతో చూస్తే కెమెరాలో కన్ను ఆనించే గాజు గీరుకుపోతుందని వాటిని తీసి జేబులో పెట్టుకున్నాడు. అదే కొంప ముంచింది. మీట ఒకసారి నొక్కితే కెమెరా తీయడం మొదలుపెడుతుంది, మళ్లీ నొక్కితే ఆగిపోతుంది. తీస్తున్నప్పుడు మూల చిన్న చుక్క వెలుగుతుంది. ఆ చుక్క ఆయనకు సూది బెజ్జమంత. జీలకర్రబెల్లం వేళ జనం మీద పడి తోశారు. కంగారులో మీట ఇంకోసారి పడింది, ఆయనకు తెలియలేదు. పుస్తె కట్టారు, తలంబ్రాలు పోసుకున్నారు. ఊపిరి బిగబట్టి అంతా తీశాడు. హమ్మయ్య అనుకుని ఆపుదామని మీట నొక్కాడు. కెమెరాను మంచం అంచున, కింద పెట్టిన సంచికి దగ్గరగా పెట్టాడు.

"జర దీన్ని జూస్తుండవ్వా, రెండు బుక్కలు తిని వస్త."

తిరిగి వచ్చేసరికి ముసలామె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కెమెరా ఎత్తుకుంటే చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. బ్యాటరీ అయిపోయింది! ఇంకో అరగంట రావాలే! రెండోది బిగించి, టేపు వెనక్కి తిప్పి చూశాడు. జీలకర్రబెల్లం ఉంది. తరువాత ఎవరివో కాళ్లు, నేల, ఆ తరువాత మంచం. పుస్తె లేదు. తలంబ్రాలు లేవు. మిషను పోయింది, ఇప్పుడు పేరు కూడా పోతుంది. బషీరున్నీసాకు మొహం ఎలా చూపించాలి?

అప్పగింతలు అద్దాలు పెట్టుకునే తీశాడు. మంజులత వచ్చి నాయనమ్మ కాళ్లు మొక్కింది. "పండుకోనియ్యి, పొద్దటిసంది అలిసింది," అన్నారెవరో. జీపు వెళ్లిపోయింది.

పొద్దు వాలాక బువ్వ తినమని కోడలు నాగులమ్మ ముసలామె భుజం తట్టింది. మళ్లీ తట్టింది. తరువాత కేక వేసింది.

పెళ్లికి కట్టిన తోరణాల కిందే బాలనర్సమ్మను పడుకోబెట్టారు. భీమయ్య తల్లి కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. గోడ దగ్గర నిలబడ్డ దస్తగిరిని చూసి లేచి వచ్చాడు.

"భాయ్, మా అమ్మకు ఒక్క ఫోటువ లేదు. నీ కెమెరాల ఏడన్న పడ్డదా?"

పడిందని చెబితే ఎలా పడిందో కూడా చెప్పాలి.

"పడ్డదన్నా. తప్పయిపోయింది. కండ్లు కనిపియ్యక మీట తప్పు నొక్కిన. పుస్తె గట్టింది పడలే. ఆగిందనుకుని మంచం మీద పెడితే అమ్మ పడ్డది."

భీమయ్య దవడలు బిగుసుకున్నాయి. కొడతాడేమో అనుకున్నాడు దస్తగిరి. కొట్టినా బాగుండు అనుకున్నాడు. భీమయ్య చెయ్యి చాపి కెమెరా భుజానికెత్తుకున్నాడు.

"ఏయి."

వేశాడు. భీమయ్య కన్ను ఆనించి కదలకుండా చూశాడు. చెంప మీదుగా నీళ్లు కెమెరా మీద పడుతున్నా తుడవాలని దస్తగిరికి అనిపించలేదు.

"ఏందో మాట్లాడుతాంది."

"మాట ఇందుల ఇనరాదన్నా. టీవీకి తగిలిస్తే ఇనొస్తది."

"దిండు కింది నుంచి ఏందో దీసింది. పక్కకు వంగి దేంట్లనో పెడుతాంది... నవ్వుతాంది, భాయ్." కెమెరా దించి, "పుస్తె గట్టంగ ఊరంత జూసింది. దీన్ని మాత్రం చెరపకు," అన్నాడు.

దస్తగిరి తలూపాడు. కెమెరా అందుకుని, ఖాళీ మంచం పక్కన పొద్దటి నుంచి పడి ఉన్న సంచి తెరిచాడు. లోపల నాలుగు మడతలు పెట్టిన నీలం రైక ఉంది, ఉతికి ఉతికి వెలిసిపోయినా కుట్టు ఎక్కడా వదలనిది, బాలనర్సమ్మ ఆది రైక.