బల్ల గుద్ది చెబుతున్నాను

నేను ఒక సర్కారు బల్లను. మద్దికర్రతో పుట్టి, విజయనగరం పక్కన ఒక తాసిల్దారు ఆఫీసులో పెరిగాను. బల్ల గుద్ది చెప్పడం మీ అలవాటు. ఇవాళ గుద్దులు తిన్న బల్లే చెబుతోంది, వినండి.

నా పైన ఫైళ్ళు కదలకపోయినా నా కింద చేతులు తెగ కదిలేవి. గుమాస్తా పైడిరాజు చేతులు మాత్రం ఎప్పుడూ పైనే ఉండేవి. అందరి ధ్యాసా లంచం మీద, ఇతని ధ్యాస లంచ్ టైం మీద! క్యారేజీ పక్కకు జరిపి, నా మీద దరువేస్తూ, పెళ్ళి ఊరేగింపుల బ్యాండుకు డ్యాన్సు పాటలు కట్టేవాడు. జనం గెంతితే చాలు, అతని కడుపు నిండేది.

తాసిల్దారు ఉమాపతిగారి కూతురి పెళ్ళి వచ్చింది. ఊరేగింపులో దొరగారు తువ్వాలు తిప్పి మరీ గెంతారని, మర్నాడు నా చుట్టూ చేరి చెప్పుకున్నారు.

"అదే పాట! మళ్ళీ కొట్టండ్రా!" అన్నారట.

బ్యాండు గాయకుడు గవిరినాయుడు ఉబ్బిపోయి మైకులో అరిచాడట: "ఈ పాట కట్టినోడు ఎవుడనుకుంతన్నారు? మన బాబుగోరి గుమస్తా పైడిరాజే!"

వియ్యంకుడు నవ్వాడట. "మీ గుమాస్తా ఆడిస్తే ఆడారన్నమాట బావగారూ!"

అంతే, దొరగారి కాళ్ళు ఆగాయి, కలం కదిలింది. అనుమతి లేకుండా పాటలా? ఉద్యోగం కావాలా, పాట కావాలా? నా కింద చేతులు పెట్టినవాళ్ళకు ఏనాడూ రాని మెమో, నా మీద వేళ్ళు ఆడించినవాడికి వచ్చింది! పిల్లలున్నవాడు ఏం చేస్తాడు? 'ఇకపై ఒక్క పాటా రాయను' అని నా మీదే రాసి సంతకం పెట్టాడు. కర్రను కదా, పైకి మండలేదు. లోపల కాలి బొగ్గయ్యాను.

కొన్నాళ్ళకు అదే దొరగారు పళ్ళికిలిస్తూ వచ్చారు.

"పైడిరాజూ, మా బావమరిది పెళ్ళయ్యా. గట్టి పాటొకటి కట్టు. నీ పేరు మాత్రం బయటికి రానీకు."

పైడిరాజు లేచి నిలబడ్డాడు. "రాయనని రాయించుకున్నారు కదండి."

"అడుగుతున్నది నేనే కదయ్యా!"

"అయితే అనుమతి కాగితం ఇప్పించండి బాబూ. నా పేరు చెప్పుకోవచ్చని కూడా అందులో రాయించండి."

దొరగారి జవాబు గుద్దై నా మీద పడింది. ఆ గుద్దుకు చెదలు తిన్న నా కాలు విరిగి, ఆఫీసు వెనక పాతసామాన్ల రేకుల షెడ్డుకు చేరాను.

బావమరిది ఊరేగింపు ఈ షెడ్డు పక్కనుంచే పోయింది. డప్పు మోగింది, బూరా మోగింది. 'పైడిరాజు రాయని పెళ్ళికి నాను పాడను' అని గవిరినాయుడు రాలేదట. దొరగారు చెమట తుడుచుకుంటూ, చాలా మర్యాదగా నడిచి వెళ్ళారు.