తువ్వాలు మింగిన కారు

ట్యూబు ఆ ఇంటికి చేసిన ద్రోహాలు చాలా ఉన్నాయి. అన్నిటిలోకీ పెద్దది, ఆ ఆదివారం పొద్దున సరైన సలహా ఇవ్వడం. తప్పుడు సలహా అయితే మేస్త్రి విని ఉండేవాడు, నవ్వుకోవడానికైనా పనికొచ్చేది. సరైన మాటని నోట్లో పుల్ల పెట్టుకుని, గుమ్మానికి ఆనుకుని, "బావా" అని సాగదీసి మరీ చెబితే, మానాభిమానాలున్న మగాడెవడు వింటాడు?

ట్యూబు అంటే మేస్త్రి భార్యకు తమ్ముడు. పక్కనే టైర్ల కొట్టు. పంక్చర్లు వేసుకుంటూ పైకొచ్చాడు కాబట్టి వీధి వాళ్ళు పెట్టిన పేరది. మేస్త్రి మాత్రం వేరే కారణం చెబుతాడు, లోపలంతా గాలే కదా అని.

మేస్త్రిది లేతు పని. ఏడో తరగతిలో ఆయన బడిని వదిలేశాడో, బడే ఆయన్ని వదిలించుకుందో గాని, అప్పట్నుంచీ ఇనుము చెక్కుతూనే ఉన్నాడు. ఇంటి పక్కన తండ్రి ఇచ్చిన సన్నటి స్థలం, దాని మీద రేకుల షెడ్డు, షెడ్డులో లేతు, లేతు పక్కన కారు. ఆయన ఆస్తి అంతా అంతే. సంసారం ఇంట్లో ఉండేది గాని, ఆయన ఉండేది షెడ్డులోనే.

ఆ కారు, డిక్కీలో బియ్యం బస్తా పెడితే వెనక చక్రాలు మూలిగే రకం. దానికి తుక్కు కొట్టులో దొరికిన వ్యాను టర్బో ఒకటి తగిలించాడు. ఇంజను వదిలే పొగ ఊపుతో తిరుగుతూ, ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే చక్రం అది. పైపులు తానే వంచాడు, తానే వెల్డింగు చేశాడు. కంపెనీ వాళ్ళు అంతమంది కూర్చుని చేసేది తానొక్కడే చేశానని చెప్పుకునేవాడు. నిజమే. కంపెనీ వాళ్ళ కారు నడుస్తుంది, అంతే తేడా.

పందెం అన్నాల దగ్గర పుట్టింది.

"బావా, ఆ షెడ్డు చోటు నాకిచ్చెయ్. కొట్టుకి వచ్చిన లారీ తిరగడానికి దారి లేక చస్తున్నా. నీ కారు ఎలాగూ కదలదుగా" అన్నాడు ట్యూబు.

"కదలదా? క్వారీ ఎత్తు మీద నీ వ్యానుకి పొగ తాగిస్తా, చూస్తావా?"

"తాగించలేకపోతే?"

"షెడ్డు చోటు నీది. తాగిస్తే మాత్రం నీ కొట్లో కార్లని పైకెత్తే లిఫ్టు నాది."

"అక్కా, విన్నావుగా, నువ్వే సాక్షి."

"నన్ను లాగకండి మీ గొడవల్లోకి" అంది భార్య, ఇద్దరి కంచాల్లోనూ సమానంగా వడ్డిస్తూ. "ముందు నా నీలం చేతి తువ్వాలు ఎక్కడుందో ఎవరైనా చెప్పండి. వారం నుంచీ కనబడదు."

ఆ ప్రశ్నకి విలువ ఇచ్చేంత తీరిక ఎవరికీ లేదు.

కారుకి రోగం వచ్చింది. గాలి ఒత్తిడి చూపించే మీటరులో ముల్లు అర దాకా లేవాలి. ఒకటి దగ్గర ఎర్రగీత, అది దాటితే ఇంజను బద్దలే. మేస్త్రి ఎంత తొక్కినా ముల్లు పావు దగ్గరే కూలబడేది. ఉబ్బసం ఉన్న ముసలాడు మెట్లెక్కినట్టు కారు రొప్పేది.

మేస్త్రి వైద్యం మొదలుపెట్టాడు. ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు పంపు మార్చాడు. పైపుల అతుకులన్నిటికీ సబ్బు నురగ పూసి, గాలి ఎక్కడ కారుతుందో అని కళ్ళు పొడుచుకుని చూశాడు. ఒక్క బుడగా లేదు. తన వెల్డింగు అంత గొప్పదని మురిశాడు గాని, మరి గాలి ఏమైపోతున్నట్టు అన్న ఆలోచన ఆ మురిపెంలో కొట్టుకుపోయింది.

"ఏవండీ, నా తువ్వాలు..."

"ఇక్కడ నేను గాలి లెక్కల్లో తల బద్దలుకొట్టుకుంటుంటే తువ్వాలేమిటే నీకు?"

చివరికి స్క్రూ మీద పడ్డాడు. టర్బో మితిమీరి తొయ్యకుండా పొగని పక్కకి వదిలే చిన్న తలుపు ఒకటుంటుంది. అది ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో చెప్పేది ఆ స్క్రూ. బిగించేకొద్దీ తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, టర్బో ఇంకా గట్టిగా తోస్తుంది. మేస్త్రి బిగించాడు. ముల్లు కాస్త లేచింది. ఇంకా బిగించాడు. రెండున్నర చుట్లు తిప్పేసరికి ముల్లు బుద్ధిగా అర దగ్గర నిలబడింది. రోగమేమిటో తెలియకుండానే నయం చేసిన వైద్యుడికి ఉండే గర్వం మేస్త్రి మొహం మీద మెరిసింది.

పందెం రోజు పొద్దున ట్యూబు వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. వెనకే భార్య.

"ఏవండీ, నాకిప్పుడు గుర్తొచ్చింది. పైపులు బిగించేటప్పుడు లోపల నట్లు పడకుండా మూతుల్లో గుడ్డలు కుక్కారుగా? నా తువ్వాలు గాని..."

"అన్నీ తీసేశా. నాకు నువ్వు చెప్పాలా?"

ట్యూబు స్క్రూడ్రైవరు తీసుకుని, టర్బో నుంచి ఇంజనుకి వెళ్ళే పైపు క్లిప్పు వదులు చేశాడు. రెండు వేళ్ళు లోపల పెట్టి లాగాడు. నూనె ఓడుతూ, నల్లబడి, నీలం తువ్వాలు కొసదాకా బయటికొచ్చింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో షెడ్డులో అందరికీ ఒకేసారి అర్థమైంది.

"నాదే" అంది భార్య.

మేస్త్రి నిమిషం కూడా తడబడలేదు. "చూశారా! ఇంత గుడ్డ గొంతులో ఉండి కూడా అర దాకా తోసిందంటే, నా టర్బో ఎలాంటిదో చూశారా!"

"తోసింది బావా. అందుకే చెబుతున్నా, ఆ స్క్రూ మళ్ళీ మొదటికి తిప్పెయ్. గుడ్డ అడ్డం ఉన్నప్పుడు బిగించావు. ఇప్పుడు అడ్డం లేదు."

మాట సూటిగా వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది. మేస్త్రి చెయ్యి స్క్రూ మీదకి వెళ్ళింది కూడా. అక్కడితో ఊరుకుంటే వాడు ట్యూబు ఎందుకవుతాడు?

"టైరైనా అంతే బావా" అన్నాడు పుల్లని ఆ దవడ నుంచి ఈ దవడకి మార్చి. "మీటరు చూసే గాలి కొట్టాలి."

చెయ్యి వెనక్కి వచ్చేసింది. టైరుకి గాలి కొట్టేవాడు ఇంజనుకి గాలి నేర్పడమా? రోగం పోయింది, మందు మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది.

క్వారీ ఎత్తు మొదట్లో రెండు బళ్ళూ పక్కపక్కన నిలబడ్డాయి. కొండ కొసన ఉన్న రాయిని ముందు చుట్టినవాడిదే పందెం. భార్య చేతిలోది ఊపింది. అది తువ్వాలే.

కారు లేచిపోయింది. ముల్లు అర దాటింది, ఎర్రగీత దాటింది, ఇంక పోవడానికి చోటు లేక చివర మేకుకి తగిలి వణికింది. అద్దంలో ట్యూబు వ్యాను అగ్గిపెట్టె అయింది. జీవితంలో మొదటిసారి మేస్త్రి అందరికంటే ముందున్నాడు, అదీ తన చేత్తో చేసిన దాని మీద. గట్టిగా నవ్వాడు. రెండో మలుపులో ఇంజను నుంచి రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు చప్పుడొచ్చింది. ముప్పై ఏళ్ళుగా లోహం మూలుగులు వింటున్న చెవులకి అదేమిటో తెలుసు. పాదం ఎత్తాలి. పాదం ఎత్తితే, ట్యూబు చెప్పింది నిజమవుతుంది. ఎత్తలేదు.

ఢామ్మని ఒకటే మోత. తెల్లటి పొగ. కొండ కొస రాయి కనబడుతుండగానే కారు చతికిలబడింది.

వ్యాను నింపాదిగా వచ్చి పక్కన ఆగింది.

"దెబ్బలేమీ తగల్లేదుగా బావా?"

"లేదు."

తగల్లేదని రూఢి చేసుకుని, పైదాకా వెళ్ళి, రాయిని చుట్టి, తాడు తీసుకుని వెనక్కి వచ్చాడు. పద్ధతి గల మనిషి.

ఇంజను విప్పితే మూడో పిస్టను నెత్తిన బొటనవేలు దూరేంత బెజ్జం. భార్య తువ్వాలు ఉతికి, షెడ్డు బయట తీగ మీద ఆరేసింది. ఎంత ఉతికినా పైపు ఆకారం మడత పోలేదు.

మర్నాడు ట్యూబు కొలతల టేపుతో వచ్చాడు. అంత రాక్షసుడేం కాదు. అది ఇంకా పెద్ద తప్పు.

"సగం చాలు బావా. లారీ తిరగడానికి అంతకంటే అక్కర్లేదు. షెడ్డు కొంచెం ఇవతలకి జరుపుకో, లేతు నీకుంటుంది." ఆ "బావా"లో మళ్ళీ అదే సాగతీత. నోట్లో మళ్ళీ అదే పుల్ల.

మేస్త్రి లేతు వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ఒప్పుకోండి అన్నట్టు ఆవిడ తల ఊపుతూనే ఉంది.

"నీ దయాదాక్షిణ్యాలు నాకొద్దు. మాటంటే మాటే. మొత్తం కొలుచుకో."

టేపు రెండో కొస పట్టుకోవడానికి ఆవిడ ముందుకు రాక, అదీ ఆయనే పట్టుకున్నాడు. వెడల్పు పన్నెండు అడుగులు. పొడవు నలభై. మొత్తం నాలుగువందల ఎనభై చదరపు అడుగులు.