మీవారు వద్దన్నారు

“ఆపరేషను కోడలికి చేశారు గానీ, నెమ్మదించింది మాత్రం మన ఇల్లేరా” అంది అత్తగారు.

“నిజమేనమ్మా, ఎంత ప్రశాంతంగా ఉందో!” కొడుకు పకపకా నవ్వాడు.

వంటింట్లో గిన్నెలు తోముతున్న కోడలికి రెండు మాటలూ స్పష్టంగా వినబడ్డాయి. థైరాయిడ్ గడ్డ తీసేసి ఐదు వారాలైంది. మెడమీద కుట్లు మానాయి గానీ, లోపల ఎవరో దారం చుట్టి బిగించినట్టే ఉంది. నోరు తెరిస్తే గాలీ, గుసగుసా తప్ప మాట రాదు. ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతూ వెనక బెంచీదాకా ఖంగున మోగిన గొంతు ఇప్పుడు పక్క గదిదాకా పోవడం లేదు. మొదట్లో దానికే భయపడింది. ఇంట్లోవాళ్లకు అలాగే బాగుందని తెలిశాక ఆ భయం రంగు మారింది. ఎవరు పలకరించినా భర్తే జవాబు చెప్పేవాడు. “నువ్వు శ్రమపడకు, నేను చెప్తాగా” అంటూ ఆమె ఫోన్ కూడా తన దగ్గరే ఉంచుకున్నాడు. అదంతా ప్రేమే అనుకుంది పిచ్చిది. స్కూలు నుంచి పెద్ద టీచరు ఫోన్ చేస్తే, ఆమెను మాట వరసకైనా అడగకుండా “ఇక రాదండీ” అని చెప్పేశాడు. ఇదేమిటన్నట్టు చూస్తే, “గొంతు లేని టీచరు ఎవరికి కావాలి చెప్పు?” అన్నాడు, ఎంతో జాలిగా.

చేతులు కడుక్కుని గుక్కెడు నీళ్లు తాగబోయింది. పొలమారింది. దగ్గు రాలేదు, ఊపిరీ అందలేదు. గట్టు పట్టుకుని భర్తను పిలిచింది. పెదవులు కదిలాయంతే. హాల్లో టీవీ, తల్లీకొడుకుల నవ్వులు. కళ్లు చీకట్లు కమ్ముతుంటే చేతిలో గ్లాసు నేలకేసి కొట్టింది.

“మళ్లీ ఏం పడేశావు?” అన్నాడతను, కూర్చున్న చోటునుంచే.

ఎలాగో దగ్గొచ్చింది, ఊపిరి తిరిగింది. తడి నేలమీద చతికిలబడి చాలాసేపు ఎదురుచూసింది. ఎవరూ రాలేదు.

మర్నాడు, ముందే రాసిచ్చిన తేదీకి ఆసుపత్రికి వెళితే, డాక్టరమ్మ ముక్కులోంచి సన్నని గొట్టం పంపి గొంతు పరీక్షించింది.

“మింగేటప్పుడు ఇబ్బందిగా ఉందా?”

“అబ్బే, శుభ్రంగా తింటోందండీ” అన్నాడు భర్త.

“ఆవిడను అడిగాను.” డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. “ఎడమవైపు స్వరతంతువు కదలడం లేదమ్మా. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. గొంతు వ్యాయామాలకు రమ్మంటే రాలేదేం?”

“నాకెవరూ... చెప్పలేదు” అంది ఆమె గుసగుసగా.

డాక్టరమ్మ ఫైలు తిప్పింది. “మావాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారే! మీవారు వద్దన్నారని రాసుంది.”

“దానంతటదే వస్తుంది కదా అని...” భర్త నవ్వాడు. “అయినా డాక్టరుగారూ, ఇంట్లో ఉండే మనిషి, అంత మాట్లాడాల్సిన పనేముంది?”

ఆ నవ్వులో కోపం లేదు, తడబాటు లేదు. ఆమె అతనివైపు తిరిగింది.

“మీరు బయట కూర్చోండి” అంది. బొంగురుగానే అయినా మాట తెగకుండా వచ్చింది. అతను ఒక్క క్షణం ఆమెనే చూసి, తలుపు మెల్లగా వేసి వెళ్లాడు. గరుకు అద్దం అవతల అతని నీడ మాత్రం కదల్లేదు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. ఆ నీడమీంచి చూపు తిప్పకుండానే ఆమె, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది:

“ఇవాళ నన్ను ఇంటికి పంపకండి.”